వెంట వచ్చి పడవ పక్క నుంచే తిరిగిపోతున్న మస్కీలు: మిలాక్స్ సరస్సులో పెద్ద చేప కోసం సలహా కావాలి

పాలేరు కుర్రాడు, ఆగస్టు 19

మిత్రులకు నమస్కారం. నేను మినియాపొలిస్ శివారులో ఉంటాను. ఖమ్మం జిల్లాలో పాలేరు గట్టున కూర్చుని, కప్పను ఎరగా గుచ్చి కొర్రమీనుల కోసం గాలం వేస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి చేపల వేట నాకు కొత్త కాదు. మస్కీ వేట మాత్రం, అంటే మస్కెలంజ్ అనే ఇక్కడి పెద్ద మంచినీటి వేటచేపను పట్టడం మాత్రం, నిరుడు జూన్‌లోనే మొదలుపెట్టాను. ఇక్కడివాళ్లు దీన్ని పదివేల విసుర్ల చేప అని ఎందుకంటారో ఈ రెండు సీజన్లలో నా భుజాలకు బాగా తెలిసివచ్చింది. ఇంతవరకు నా పడవలోకి వచ్చినవి రెండే, వాటిలో పెద్దది 38 అంగుళాలు.

చేపలు కనబడడం లేదన్నది నా బాధ కాదు. ఈ వేసవిలో కనీసం పదిహేను మస్కీలు నా ఎర వెనకే పడవ దాకా వచ్చాయి. వచ్చి, ఒక్క క్షణం నిలబడి, నన్ను చూసి వెళ్లిపోతున్నాయి. మొన్న శనివారం సాయంత్రం మా మిన్నెసోటాలోని మిలాక్స్ సరస్సులో, కోవ్ బే అనే పాయలో, నాచు అంచున విసురుతుండగా, ఎర వెనక ఒక దుంగ తేలి వస్తోందేమో అనుకున్నాను; దగ్గరికి వచ్చాక ఆ దుంగకు కళ్లు ఉన్నాయని అర్థమైంది. నా చేయి రీలు మీదే బిగుసుకుపోయింది. ఎర ఆగి కిందికి జారింది. చేప కూడా ఆగి, రెండుసార్లు మొప్పలు ఆడించి, రాయి మునిగినట్టు నిలువునా మునిగిపోయింది. పొడవు 48 అంగుళాలకు తగ్గదు, బరువు 40 పౌండ్లు ఉంటుందని నా అంచనా.

నా దగ్గర బాస్ అనే చిన్న చేపలకు వాడే ఏడడుగుల రాడ్డు, 50 పౌండ్ల అల్లిక లైను, పదహారు అడుగుల పడవ ఉన్నాయి. ఎరల పెట్టె నిండుగానే ఉంది, ఇంకా కొనమన్నా కొంటాను. కాని ఇలా వెంట వచ్చే చేప చేత ఎర పట్టించడం ఎలాగన్నదే ముందు తెలుసుకోవాలి. రాత్రి వేట మేలని కొందరు, అక్టోబరు దాకా ఆగమని కొందరు అంటున్నారు. ఈ సరస్సు మీద అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా చెబితే కృతజ్ఞుణ్ణి.

ఉత్తర తీరం, ఆగస్టు 19

పాలేరు కుర్రాడు గారూ, మీ ప్రశ్నకు జవాబు మీ మొదటి పేరాల్లోనే ఉంది: మీరు రీలు ఆపేశారు. కొర్రమీను దగ్గర నేర్చుకున్న అలవాటు ఇక్కడ మనల్ని ముంచుతుంది. కొర్రమీను కప్పను నోట్లోకి తీసుకున్నాక నాలుగు లెక్కపెట్టి లాగాలని మనకు చిన్నప్పుడే చెబుతారు, ఆగిన కప్పను అది ఇంకా ఇష్టంగా మింగుతుంది కూడా. మస్కీ తరుముతూ వచ్చే చేప. దానికి భయపడి పారిపోతున్నదే ఆహారం. తన ముందు నిలబడిపోయినది ఆహారమని అది అనుకోదు, అనుమానిస్తుంది.

అందుకే ఇక్కడి వేటగాళ్లు ప్రతి విసురునూ ఎనిమిది అంకెతో ముగిస్తారు. రాడ్డు కొనకూ లీడరుకూ (ఎరకు ముందు కట్టే, చేప పళ్లకు తెగని గట్టి ముక్కకూ) మధ్య అడుగు, అడుగున్నర లైను మిగిలి ఉండగానే చుట్టడం ఆపి, అదే ఊపులో రాడ్డు కొనను నీటిలో ముంచి, వేగం రవ్వంత కూడా తగ్గనివ్వకుండా ఎరను పడవ అంచు వెంట పక్కకు తిప్పాలి. తరువాత నీటిలో ఎనిమిది అంకె గీయాలి. నేను చెప్పేది ఇంగ్లిషు ఎనిమిది. మన తెలుగు ౮ గీస్తే చేప మధ్యలోనే దారి తప్పుతుంది. మలుపులు వెడల్పుగా ఉండడం అన్నిటికంటే ముఖ్యం. నాలుగడుగుల చేప రెండడుగుల వలయంలో తిరగలేదు, ప్రయత్నించి విసిగి పోతుంది. ఏడడుగుల రాడ్డుతో మోకాళ్ల మీద కూర్చున్నా ఆ వెడల్పు రాదు. ఎనిమిదిన్నర లేదా తొమ్మిదడుగుల రాడ్డు వాడడానికి దూరం విసరడంకన్నా ఇదే పెద్ద కారణం.

ఎర మలుపు తిరిగేటప్పుడు చేపకు దాని పక్క భాగం కనిపిస్తుంది. చాలా చేపలు సరిగ్గా అక్కడే నోరు తెరుస్తాయి. కాబట్టి తిన్నగా ఉన్న భాగంలో ఎరను లోతుగా నడిపి, మలుపులో కొద్దిగా వేగం పెంచి పైకి తేవాలి. చేప కనబడకపోయినా రెండు చుట్లు తిప్పండి. కనబడితే అది వెళ్లిపోయేదాకా తిప్పుతూనే ఉండండి, వెళ్లిపోయాక ఇంకో రెండు చుట్లు తిప్పండి, ఎందుకంటే అది పడవ కిందికి పోయి అవతలి వైపు నుంచి తిరిగి రావడం నేను చాలాసార్లు చూశాను. నేను ఇన్నేళ్లలో పట్టినవాటిలో దాదాపు మూడో వంతు పడవ పక్కనే పడ్డాయి, పెద్దవాటిలో ఆ వంతు ఇంకా ఎక్కువ.

పట్టిందని తెలియగానే రాడ్డును ఆకాశానికి ఎత్తకండి. అలా ఎత్తితే ఎర దాని నోట్లోంచి నేరుగా మీ ముఖం మీదికి వస్తుంది. చేప ఏ దిక్కుకు పోతుంటే దానికి ఎదురు దిక్కుకు, నీటికి సమాంతరంగా, నడుము తిప్పి గట్టిగా లాగండి. ఆ దవడ ఎముక గట్టిది, మెతక చేత్తో లాగితే కొక్కెం దిగదు. కొక్కెం దిగాక రీలు బటన్ నొక్కి బొటనవేలితో లైను చుట్టి ఉండే స్పూలును అదిమి పట్టుకోండి. రెండడుగుల లైను మీద ఆ ఊపును ఆపబోతే ఏదో ఒకటి తెగుతుంది.

ఇక బరువు సంగతి. నిరుత్సాహపరచాలని కాదు గాని, 48 అంగుళాల మస్కీ సాధారణంగా 40 పౌండ్లు ఉండదు. అంగుళాల్లో చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, పొడవుతో మళ్లీ హెచ్చించి, 800తో భాగిస్తే సుమారు బరువు పౌండ్లలో వస్తుంది. 48 పొడవు, 20 చుట్టుకొలత అనుకుంటే 24 పౌండ్లు. అదే 54 అంగుళాల చేప శరత్కాలంలో 24 అంగుళాల చుట్టుకొలతకు బలిస్తే దాదాపు 39 వస్తుంది. నీళ్లలో చూసిన చేప ఎవరికైనా పెద్దదిగానే కనిపిస్తుంది లెండి, నా మొదటి చేపను నేను ఇంట్లో చెప్పిన కొలతకూ టేపు చెప్పిన కొలతకూ ఆరు అంగుళాల తేడా వచ్చింది.

స్థలం గురించి మీరు అడగలేదు గాని చెప్పక తప్పదు. మిలాక్స్ విస్తీర్ణం సుమారు 1,32,000 ఎకరాలు, అత్యధిక లోతు 42 అడుగులే. అంత పెద్ద పళ్లెంలో మస్కీలు చాలా పలచగా ఉంటాయి, ఉన్నవి మాత్రం పెద్దవి. మిన్నెసోటాలో పట్టి వదిలిన మస్కీలలో రికార్డు చేప, 58.25 అంగుళాలది, 2022 నవంబరులో ఇక్కడే పడింది. వేసవిలో కోవ్ బే, వైన్‌లాండ్ బే, వాకన్ బే, ఐల్ బేలలో క్యాబేజీ అని పిలిచే వెడల్పాకుల నీటిమొక్క పచ్చగా నిలబడిన చోట, ఎనిమిది నుంచి పద్నాలుగు అడుగుల నీటిలో దాని బయటి అంచును వెతకండి. అంచు తిన్నగా సాగే చోటకన్నా ముందుకు పొడుచుకువచ్చిన మూల, లోపలికి వంగిన మలుపు మేలు. గాలి కొట్టే వైపు ఇంకా మేలు. అయితే ఈ సరస్సు లోతు తక్కువ కాబట్టి గాలి లేచిన అరగంటకే అలలు పడవ అంచు దాటుతాయి. పదహారు అడుగుల పడవతో నడి సరస్సుకు పోకండి, బేలు వదలకండి.

మొన్న వచ్చిన చేప ఊరికే వెళ్లిపోలేదు, మీకు తన చిరునామా చెప్పి వెళ్లింది. ఆ చోటును జీపీఎస్‌లో గుర్తు పెట్టుకుని, వెంటనే మళ్లీ మళ్లీ విసిరి దాన్ని విసిగించకుండా, పొద్దు గుంకే వేళకో, మబ్బు కమ్ముకుని గాలి మారే వేళకో తిరిగి వెళ్లండి.

లంకల గాలం, ఆగస్టు 20

ఉత్తర తీరం గారు చెప్పిన ఎనిమిది అంకె మాట అక్షరాలా నిజం. నేను పరికరాల గురించి, రాత్రి వేట గురించి కలుపుతాను. మా కోనసీమ లంకల్లో గాలం మగవాళ్ల వ్యవహారమనే భావం ఉండేది. మా నాన్న ఆ భావం పట్టించుకోలేదు కాబట్టి ఈ రోజు నేను ఈ జవాబు రాస్తున్నాను.

మీ ఏడడుగుల రాడ్డు, 50 పౌండ్ల లైను పక్కన పెట్టండి. పెద్ద చేపను పట్టలేకపోతారని కాదు, బలహీనమైన లైను తెగితే మూడు పెద్ద కొక్కేలున్న ఎర చేప నోట్లోనే ఉండిపోతుంది, మీ సరదాకు అది ప్రాణం పెట్టవలసి వస్తుంది. తొమ్మిదడుగుల హెవీ రాడ్డు, 80 నుంచి 100 పౌండ్ల అల్లిక లైను, 130 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడరు లేదా స్టీలు లీడరు ఉంటే చాలు. విసిరే ముందు లీడరు పొడవునా గోరు నడిపి చూసుకోండి. గరుకు తగిలితే మార్చేయండి. కొక్కెం మొన గోటి మీద జారిపోతే ఆకురాయి పట్టండి. రెండు నిమిషాల పని, అయినా మనలో సగం మంది చేయము.

ఎరల పెట్టె నిండుగా ఉందన్నారు. అది మీ బలం కాదు, బలహీనత. గంటలో ఎనిమిదిసార్లు ఎర మార్చేవారు ఆ గంటలో సగం ముడులు వేయడానికే పెడతారు. వేసవికి పదో నంబరు గుండ్రటి రేకులు రెండు తిరిగే బక్‌టెయిల్ ఒకటి, నీటి మీద చప్పుడు చేస్తూ వచ్చే టాప్‌వాటర్ ఒకటి, బుల్‌డాగ్ లాంటి బరువైన రబ్బరు ఎర ఒకటి చాలు. బక్‌టెయిల్‌ను వేడి నీళ్లలో వేగంగా చుట్టాలి. అది లాగే బరువుకు మొదటి రోజు ముంజేయి మంట పుడుతుంది, రెండో వారానికి అలవాటవుతుంది. వేగంగా వచ్చేదాన్ని వెంబడించి వదిలేసిన చేపకు అరగంట తరువాత రబ్బరు ఎరను కుదుపుతూ, దిగనిస్తూ చూపితే కొన్నిసార్లు పడుతుంది. ఆగిన ఎరను మస్కీ ముట్టదన్న ఉత్తర తీరం గారి మాటకు ఇదొక్కటే మినహాయింపు: రబ్బరు ఎర ఆగినప్పుడు చావబోతున్న చేపలా తల కిందికి పెట్టి జారుతుంది, బక్‌టెయిల్ ఆగితే ఇనప ముక్క అయిపోతుంది.

రాత్రి గురించి. ఈ సరస్సులో జీబ్రా ఆల్చిప్పలు 2005లో బయటపడ్డాయి. అవి నీటిని వడగట్టి వడగట్టి ఇప్పుడు అడుగు కనిపించేంత తేటగా చేశాయి. తేట నీటిలో, మండే ఎండలో చేప మిమ్మల్నీ పడవనూ ఎంతో ముందుగానే చూస్తుంది, వెంట వచ్చి పట్టకుండా పోవడానికి అదొక కారణం. జులై, ఆగస్టుల్లో నేను పగలు పడుకుని రాత్రి పది తరువాతే పడవ దింపుతాను. నల్ల బక్‌టెయిల్, ఒకే వేగం, ప్రతి విసురుకూ ఎనిమిది అంకె. చీకట్లో వెంట వచ్చిందో లేదో కనబడదు కాబట్టి ప్రతిసారీ వచ్చిందనే అనుకోవాలి. టాప్‌వాటర్ వాడేటప్పుడు నీళ్లు బద్దలైన చప్పుడుకు ఉలిక్కిపడి లాగేస్తే చేప పోయినట్టే. చేతికి బరువు తగిలేదాకా చుట్టుతూనే ఉండాలి. ఈ ఓర్పు మాత్రం మీకు కొర్రమీను నేర్పే ఉంటుంది.

ఒక హెచ్చరిక. వాలై చేపల సంరక్షణ కోసం మిలాక్స్‌లో కొన్ని సంవత్సరాలు రాత్రి వేటను నిషేధించి, ఎనిమిది అంగుళాలు దాటిన ఎరలతో మస్కీని, దాని బంధువైన పైక్ చేపను వేటాడేవారికి మినహాయింపు ఇచ్చారు. ఈ నిబంధన మారుతూ ఉంటుంది కాబట్టి ఆ ఏటి నియమాలు చదవకుండా రాత్రి వెళ్లకండి.

చంద్రుడి గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు గనుక నేనే చెప్పేస్తాను. మస్కీ వేటగాళ్లు చంద్రోదయం, చంద్రాస్తమయం వేళలను మన పెద్దలు పంచాంగం చూసినంత శ్రద్ధగా చూస్తారు. మస్కీస్ ఇంక్ అనే మస్కీ వేటగాళ్ల సంస్థ సభ్యులు దశాబ్దాలుగా నమోదు చేసిన మూడు లక్షలకు పైగా చేపల వివరాలతో 2014లో ఒక పరిశోధన వచ్చింది. పౌర్ణమికి, అమావాస్యకు దగ్గరి రోజుల్లో కొంచెం ఎక్కువ పడతాయని తేలింది గాని, ఆ తేడా మహా అయితే 5 శాతమే. కాబట్టి సెలవు పౌర్ణమి నాడు దొరికితే సంతోషం, దొరకకపోతే అష్టమి నాడైనా వెళ్లండి. ఎర నీళ్లలో ఉన్నంతసేపే చేప పడుతుంది.

సెయింట్ పాల్ పడవ, ఆగస్టు 20

పట్టడం గురించి పెద్దలిద్దరూ చెప్పారు. పట్టాక ఏం చేయాలో మీరు అడగలేదు, మొదటి పెద్ద చేప పడేదాకా ఎవరూ అడగరు. అప్పుడు ఆలస్యమైపోతుంది.

మూడేళ్ల కిందట నా నలభై నాలుగు అంగుళాల చేప వలలో ఉండగా, పొడవాటి పటకారు పడవ అవతలి మూల ఉందని చేత్తోనే కొక్కెం తీయబోయాను. చేప ఒక్కసారి తల విదిలించింది. ఎర వెనక కొక్కెం నా బొటనవేలి మొదట్లో ముల్లు దాటి దిగింది; ముందు కొక్కెం ఇంకా చేప దవడలోనే ఉంది. అంటే 20 పౌండ్ల కండకూ నా చేతికీ మధ్య ఉన్నది ఆరంగుళాల చెక్క ముక్క. పక్కనున్న మిత్రుడు తీగలు కత్తిరించే కట్టరుతో ముందు కొక్కేన్ని తుంచి చేపను విడిపించాడు కాబట్టి ఇద్దరం బతికాం. ఆ రోజు నుంచి నా పడవలో కట్టరు, అడుగు పొడవున్న పటకారు, దవడలు తెరిచి పట్టే స్ప్రింగు, మూడూ వల పిడి దగ్గరే, చేయి చాస్తే అందేలా వేలాడుతుంటాయి. కొక్కెం లోతుగా ఉంటే తీయడానికి కుస్తీ పట్టవద్దు, తుంచేయండి. కొక్కెం ధర రూపాయల్లో లెక్కేసినా పెద్దది కాదు.

వల పెద్దది, రబ్బరు పూత ఉన్నది కావాలి. చేపను వలలో, వలను నీళ్లలో ఉంచే కొక్కేలు తీయాలి. కెమెరా, కొలత పలక సిద్ధమయ్యాకే చేపను పైకెత్తాలి. ఒక చేయి మొప్ప కవచం కింద, ఎర్రటి మొప్పలను తాకకుండా; ఇంకో చేయి పొట్ట కింద; చేప నేలకు సమాంతరంగా. నిలువుగా వేలాడదీసిన ఫొటోలు పాతకాలం నాటివి, అంత బరువు దాని లోపలి అవయవాలను చీల్చేస్తుంది. మీరు ఊపిరి బిగబట్టండి. మీకు గాలి కావాలనిపించిందంటే దానికి నీళ్లు కావాలి. వదిలేటప్పుడు తోక మొదట పట్టుకుని నిటారుగా నిలపండి, మీ చేతిలోంచి తానే విదిలించుకుని పోయేదాకా ఆగండి.

నీటి ఉష్ణోగ్రత 80 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే మనకు అలవాటైన లెక్కలో దాదాపు 27 డిగ్రీలకు చేరితే మస్కీ వేట మానేయండి. చక్కగా ఈదుకుంటూ పోయినట్టే పోయి, ఆ వేడిలో అలసట నుంచి తేరుకోలేక తరువాత చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఈ చేప 50 అంగుళాలు పెరగడానికి పదేళ్లకు ఎంతో పైగా పడుతుంది, అంత పెద్దవి దాదాపు అన్నీ ఆడవే.

పాలేరు కుర్రాడు, ఆగస్టు 21

ముగ్గురికీ మనఃపూర్వక ధన్యవాదాలు. రాడ్డు, లీడర్లు, కట్టరు నిన్ననే తెచ్చుకున్నాను. ఇంటి వెనక పచ్చికలో నిలబడి ఎనిమిది అంకె సాధన చేస్తుంటే మా పాప కిటికీలోంచి చూసి, నాన్న గాలిలో చేపలు పడుతున్నాడని వాళ్ల అమ్మకు చెప్పింది.

ఇంకో మూడు సందేహాలు. అక్టోబరులో ఏం మారుతుంది? బతికిన సక్కర్ చేపను ఒక గాలానికి వేలాడదీసి, ఇంకో గాలంతో ఎర విసరవచ్చా? మూడోది మా అత్తగారి సందేహం, ఇంత పెద్ద చేపను పట్టి మళ్లీ నీళ్లలో వదిలేస్తారా, పులుసుకు పనికిరాదా అని.

ఉత్తర తీరం, ఆగస్టు 21

అత్తగారి ప్రశ్నే ముందు. మిన్నెసోటాలో మస్కీని ఉంచుకోవాలంటే అది 54 అంగుళాలైనా ఉండాలి, సీజను జూన్ మొదటి శనివారం మొదలై డిసెంబరు 1న ముగుస్తుంది. ఆ పరిమాణం చేప మీ జీవితంలో ఒకటి పడితే గొప్ప. పడినా, అన్నేళ్లు ఇతర చేపలను తిని బతికిన చేప కండలో పాదరసం పేరుకుని ఉంటుంది. ఆ సరస్సులోనే వాలై దొరుకుతుంది, ఆ ఏటి నియమాలు ఎన్ని ఉంచుకోనిస్తే అన్ని తెచ్చి పులుసు పెట్టమనండి, ముళ్లు తక్కువ, రుచి ఎక్కువ.

రెండు గాలాల సంగతి: మంచులేని రోజుల్లో ఇక్కడ మనిషికి ఒక్క గాలమే. పక్కనే విస్కాన్సిన్‌లో మూడు అనుమతిస్తారు కాబట్టి, అక్కడి వీడియోలు చూసి మనవాళ్లు పొరపాటు పడుతుంటారు. పడవలో ఇద్దరుంటే ఒకరు సక్కర్, ఒకరు ఎర, అది న్యాయమే.

శరత్కాలం మాత్రం విడిగా చెప్పుకోవలసినది. ఆడ మస్కీలు మరుసటి వసంతంలో పెట్టబోయే గుడ్ల కోసం ఇప్పటి నుంచే కొవ్వు కూడబెట్టుకుంటాయి. తుల్లిబీ అనే వెండి రంగు చేప అక్టోబరు చివర, నవంబరులో గుడ్లు పెట్టడానికి రాళ్లున్న లోతులేని చోట్లకు వస్తుంది. కొవ్వు నిండిన ఆ చేప కోసం పెద్ద మస్కీలు ఆ రాళ్ల అంచుకు చేరతాయి. కాబట్టి నాచు గోధుమ రంగుకు తిరిగి కూలిపోయాక బేలు వదిలి, రాతి దిబ్బల చుట్టూ వెతకాలి. అప్పటికీ పచ్చగా మిగిలిన నాచు గుబురు ఎక్కడైనా కనిపిస్తే దాన్ని దాటిపోకండి. ఎర పెద్దది, నడక నెమ్మది. నీరు 50 డిగ్రీల ఫారన్‌హీట్ దిగాక నేను రబ్బరు ఎర తప్ప ఏదీ కట్టను. రెండు గంటలు విసిరి చేతులు మొద్దుబారాక, క్రాంక్‌బెయిట్ అనే చేప ఆకారపు పెద్ద గట్టి ఎరను పడవ వెనక లాగుతూ దిబ్బల అంచు వెంట తిరుగుతాను.

ఆ రోజుల్లో రోజుకు ఒక్క చేప కూడా కనబడకపోవచ్చు. వేసవిలో పదిహేను వెంటపడడం చూసిన కళ్లకు అది చాలా కష్టంగా ఉంటుంది. లైఫ్ జాకెట్ మాత్రం తొడుక్కునే ఉండండి. ఆ నీళ్లలో పడితే ఈత వచ్చినా చేతులు పనిచేయవు.

పాలేరు కుర్రాడు, అక్టోబరు 27

రెండు నెలల తరువాత మళ్లీ రాస్తున్నాను. సెప్టెంబరంతా ఏమీ లేదు. ఒక చేప ఎనిమిది అంకెలో నాలుగు చుట్లు తిరిగి వెళ్లిపోయింది, ఒకటి పట్టి వదిలేసింది, నేను లాగడం ఆలస్యం చేశాను.

నిన్న ఆదివారం గాలి పడిపోవడంతో ధైర్యం చేసి మిత్రుడి ఇరవై అడుగుల పడవలో రాతి దిబ్బల మీదికి వెళ్లాం. నీరు 47 డిగ్రీల ఫారన్‌హీట్. తెల్లవారి నుంచి విసురుతూ సాయంత్రం నాలుగున్నర దాకా ఒక్క నీడ కూడా చూడలేదు. వేళ్లకు స్పర్శ తెలియడం లేదు. నిజం చెప్పాలంటే ఆ విసురుకు ఎనిమిది అంకె మానేసి ఎరను పైకి తీసేద్దామనిపించింది, ఇంటికి వెళ్లాక మీ ముగ్గురికీ ఏం చెప్పాలో గుర్తొచ్చి అయిష్టంగానే రాడ్డు ముంచాను. మొదటి మలుపులో ఏమీ లేదు. రెండో మలుపులో ఎర ఆగిపోయింది, రాయి తగిలిందనుకున్నాను. పడవ పక్క లోతు పన్నెండు అడుగులు, ఎర ఉన్నది మూడడుగుల్లో; రాయి ఎక్కడిదని నా బుర్రకు తట్టేలోపు నడుము దానంతటదే తిరిగింది. తరువాత తెల్లటి పొట్ట, ఎర్రటి మొప్పలు, నా చొక్కా నిండా నీళ్లు. బొటనవేలు స్పూలు మీద అదిమి పట్టుకున్నాను, తోలు కాస్త లేచిపోయింది.

49 అంగుళాల పావు. చుట్టుకొలత తీయలేదు, దాన్ని అంతసేపు పైన ఉంచాలనిపించలేదు. ముందు కొక్కేలు రెండు తుంచేశాం. తోక పట్టుకుని ఉంటే రెండు నిమిషాలు కదలలేదు, నా గుండె జారిపోయింది. తరువాత ఒక్కసారి తోక విదిల్చి నా మోచేతి దాకా తడిపి వెళ్లిపోయింది.

ఒక్క సందేహం. ఇంటికి వచ్చాక లీడరు మీద గోరు నడిపి చూస్తే చివరి నాలుగు అంగుళాల్లో రెండు చోట్ల గరుకు తగులుతోంది. కంటికి పెద్దగా కనబడడం లేదు. వచ్చే శనివారానికి అదే వాడవచ్చా?

లంకల గాలం, అక్టోబరు 27

అభినందనలు. లీడరు మార్చండి, శనివారం పొద్దున కాదు, ఈ రాత్రే.